కరెంటు గది ఆగిన పదిహేడు రోజులు

క్యాన్సర్ ఆస్పత్రి కింది అంతస్తులో, రేడియేషన్ గది ముందున్న బల్ల దగ్గర ఆమె ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. ఎవరు ఏ వేళకు రావాలో, ఎన్నో సిట్టింగు నడుస్తోందో చూసుకోవడం ఆమె పని. అందుకే రోగులు ఆమెను టైమక్క అనేవారు. రేడియేషన్ అంటే నోరు తిరగనివాళ్లు "కరెంటు పెట్టించుకోవడం" అనేవారు. "ఏం పెద్దాయనా, కరెంటు బిల్లు కట్టడానికొచ్చావా?" అని ఆమె అడిగితే, గొంతు పుండుపడ్డవాళ్లు కూడా నవ్వేవారు.

ఒక సోమవారం ఏదో స్కాన్ సెంటర్ పేరుతో మెయిల్ వచ్చింది. 'రోగి రిపోర్టు, అర్జెంటు' అని ఉంది. అలాంటివి రోజూ ముప్పై దాకా వస్తాయి. తెరిస్తే ఏమీ కనిపించలేదు. మళ్లీ పంపుతార్లే అనుకుని ఇంకో పనిలో పడిపోయింది.

గురువారం పొద్దున ఆస్పత్రిలో ప్రతి తెర మీదా ఒకటే ఉత్తరం: మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, అడిగినంత ఇస్తేనే తీస్తాం. రేడియేషన్ యంత్రం నిక్షేపంగా ఉంది. కానీ ఏ మనిషికి ఎక్కడ, ఎంత మోతాదు ఇవ్వాలో ఆ తాళం వెనకే ఉండిపోయింది. గుడ్డిగా నడపడానికి అది కుట్టు మిషను కాదు.

"అందరికీ ఫోన్ చేసి రావద్దని చెప్పు" అంది డాక్టరమ్మ.

"మళ్లీ ఎప్పుడు రమ్మనాలి మేడం?"

"తెలిస్తే నీకు చెప్పనా?"

నంబర్లూ కంప్యూటర్లోనే ఉన్నాయి. తన సొంత ఫోన్లో ఉన్నవాళ్లకు చెప్పింది. మిగతావాళ్లు బస్సులు పట్టుకుని వచ్చేశారు. వాళ్లలో గొంతు క్యాన్సర్‌తో ఉన్న టైలర్ ఒకాయన. ముప్పై అయిదు సిట్టింగుల్లో ఇరవై ఒకటి పూర్తయ్యాయి.

"ఒక్కరోజు కూడా మానొద్దన్నారు కదమ్మా" అన్నాడు, బొంగురు గొంతుతో.

ఆమె తల దించుకుంది.

"నువ్వేం చేస్తావులే తల్లీ" అని ఆయనే ఓదార్చి, భార్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు.

నాలుగో రోజున విచారణకు వచ్చినవాళ్లు దొంగలు దూరిన దారి కనిపెట్టారు. అది సోమవారం ఆ మెయిల్ తెరిచిన ఆమె కంప్యూటరే. ఆమెను ఎవరూ తిట్టలేదు. క్యాంటీన్లో ఆమె కూర్చున్న బల్ల మాత్రం ఖాళీ అయిపోయేది. వెనకాల 'క్లిక్కమ్మ' అనుకోవడం వినిపించేది. పాత సాఫ్ట్‌వేర్ మార్చమని కంప్యూటర్ విభాగంవాళ్లు మూడుసార్లు రాసినా పైవాళ్లు పట్టించుకోలేదన్న సంగతి రిపోర్టులో తొమ్మిదో పేజీలో ఒక్క వాక్యంగా మిగిలింది.

"తిలా పాపం తలా పిడికెడు. మొత్తం నువ్వే మోస్తావేంటి?" అన్నాడు భర్త.

"తలుపు తీసింది నేనేగా."

"దొంగ అని తెలిసి తీశావా?"

ఆమె అన్నం సగంలోనే వదిలేసి చెయ్యి కడిగేసుకుంది.

పదిహేడు రోజులకు గది మళ్లీ నడిచింది. టైలర్ వచ్చాడు కానీ అప్పటికి గడ్డ పెరిగింది. మిగిలిన సిట్టింగులు పూర్తిచేసిన నాలుగు నెలలకు పోయాడు.

"ఆగకపోయుంటే బతికేవాడా మేడం?" అని ఆమె డాక్టరమ్మను నిలదీసింది.

"బతికేవాడేమో. బతికేవాడు కాదేమో. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు."

అవుననో కాదనో అని ఉంటే బాగుండేది. ఆ 'ఏమో' ఆమెను లోపల్లోపలే తినేసింది. ఒక ఆదివారం అడ్రసు వెతుక్కుంటూ టైలర్ ఇంటికి వెళ్లింది. భార్య తలుపు తీసింది. లోపల సగం కుట్టిన చొక్కాలు కుప్పగా ఉన్నాయి.

"అప్పట్లో కరెంటు గది ఆగిపోవడానికి కారణమైన మెయిల్ తెరిచింది నేనేనమ్మా."

"ఆయనకు తెలుసా?"

"తెలీదు."

"ఆయన చివరిదాకా నిన్ను మంచిదనే అన్నాడు. ఇప్పుడు నాకెందుకు చెప్పావు? నీ బరువు దించుకోవడానికా?"

తలుపు మెల్లగా మూసుకుంది.

ఏడాది తిరక్కుండానే ఆమె దుప్పట్ల స్టోరుకు మార్చమని అర్జీ పెట్టుకుంది. మార్చారు. అక్కడికి రోగులెవరూ రారు.