ముగ్గురాయిలో నత్తలు

మా చిన్నప్పుడు గురువారం వచ్చిందంటే మా అవ్వకు ముగ్గురాయి దంచడమే పని... ఆలూరులో మా చేను గట్టులో కింద నల్లరాయి, పైన నల్లరాయి, రెండింటి మధ్య మెత్తటి తెల్లరాయి పొర ఉండేది. ఆ తెల్లరాయిని గంపలో తెచ్చి, రోట్లో దంచి, జల్లెడ పట్టి శుక్రవారం ముగ్గుకు సిద్ధం చేసేది.

ఆ రాయి పగిలితే లోపల చిటికెనవేలి గోరంత నత్తలు... రాయిలాగే గట్టిపడిపోయినవి. "జల్లెడల ఇయ్యే అడ్డం తలగవట్టె" అని విసుక్కుంటూ అవ్వ ఏరి పారేసేది. నేను వాటిని డబ్బీలో దాచుకునేదాన్ని.

ఏడో తరగతిలో మా సైన్సు మేడం బోర్డు మీద భూమి కథంతా గీశారు. నీళ్లలో కంటికి కనిపించని జీవులు, అవి వదిలిన గాలి, ఆ గాలి పీల్చి బతకడం నేర్చినవి, నేల మీదికి పాకినవి, రాకాసి బల్లులు... ఆ బల్లులు పోయాకే పాలు తాగే చిన్న ప్రాణులకు చోటు దొరికిందట. అంటే మనకు!

నేను డబ్బీ తీసి చూపించాను. మేడం మొహం మారిపోయింది. "ఇవి యాడివి బిడ్డా?" అన్నారు.

మరునాడే మా చేనుకు వచ్చి గట్టు ముందు కూర్చుండిపోయారు. రాకాసి బల్లులు పోయిన కాలానికి అటూ ఇటూగా ఇక్కడ నేల చీలి నిప్పు పారిందట. చల్లారిన ఆ నిప్పే నల్లరాయి. ఒకసారి పారి ఆగాక, మళ్లీ పారేలోపు ఇక్కడ చెరువు నిలిచింది, అందులో బతికిన నత్తలు ఇవి.

"రాళ్లు చదివే సారును ఆదివారం తీసుకొస్త. అప్పటిదాక గట్టును ముట్టకుండ్రి. ఏ పొర మీద ఏ పొర ఉన్నదో అట్లనే చూడాలె" అని మా బాపుతో చెప్పారు.

అప్పటికే ఆ చేను అమ్ముడుపోయింది. హైటెక్ సిటీ పుణ్యమా అని ఫామ్‌హౌస్‌ల గాలి మొయినాబాద్ దాటి మా దాకా వచ్చిన రోజులవి... కానీ మావైపు ఒక వాడుక. కాగితాలు ఎప్పుడు రాసుకున్నా, మీదున్న పంట కోసేదాకా చేను అమ్మినవాడిదే. "జొన్న కోసేదాక మనదే మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు బాపు. కొన్న పట్నం ఆయనకు ఆ వాడుక తెలుసో లేదో అడగాలని ఎవరికీ తోచలేదు.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి చేలో జేసీబీ. జొన్న సగం నేలమట్టమైంది.

"పంట పోతె పోనీ తమ్మీ... ఆ గట్టొక్కటి ఆదివారం దాక ఉంచు" అని బాపు బతిమాలుతున్నాడు.

"నా చేతుల ఏమున్నది కాకా? చేను కొన్న సారు చదును చెయ్యమన్నడు" అన్నాడు డ్రైవరు. పాపం మంచోడే. మూడుసార్లు ఆ సారుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మా వైపు ఒకసారి చూసి, మళ్లీ బండెక్కాడు.

నేను ఏడుస్తూ దొరికినన్ని రాళ్లు గంపలోకి ఎత్తాను.

ఆదివారం రాళ్ల సారు వచ్చి గంప చూశాడు. "మంచిగున్నయి బిడ్డా... ఏది కింద ఉండె, ఏది మీద ఉండె?" అన్నాడు. నాకేం తెలుసు? అన్నీ కలిపేశాను కదా. పోనీ ఆ చోటైనా చూస్తానన్నాడు. వెళ్తే అప్పటికే ముళ్లకంచె, కొత్త గేటు, కాపలాకు ఒక మనిషి.

మా తాత దున్నిన చేను అది. దాని బయట నిలబడి బాపు, "జర లోపలికి పోనియ్యన్న, చూసి వస్తం" అని అడిగాడు. అతను వీల్లేదన్నాడు. అప్పటిదాకా నత్తల కోసం ఏడ్చిన నాకు, ఆ నిమిషం బాపు మొహం చూడాలంటే భయమేసింది.

ఇప్పుడక్కడ పచ్చగడ్డి, ఈతకొలను. నేనూ గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందే కూర్చుంటున్నాను... ఎవరిని తిట్టను?

మీ కళ్ల ముందే పోయి, మీరు ఆపలేకపోయింది ఏదైనా ఉంటే కింద రాయండి. నేనైతే ఆ రోజు ఇంటిదాకా బాపు వెనకాలే నడిచాను... ఆయన మొహం కనబడకుండా.