మాట రాని పెళ్లి వీడియో

ఆ రోజుల్లో కామారెడ్డిలో కంప్యూటర్ దుకాణంలో ఎవడికి కుర్చీ దొరికినా సరే, వాడు బంధువులందరికీ ఇంజనీరే. నేను చేసేదల్లా ప్రింటర్లలో ఇంకు నింపడం, కీబోర్డుల్లోంచి పల్లీల పొట్టు దులపడం. అయినా ఎల్లారెడ్డిలో, మా అక్క అత్తగారింట్లో నా మాటకు తిరుగులేదు. నాకు రాని పనిని రాదని నేనూ ఏనాడూ చెప్పలేదు (చెబితే చాయ్‌తో పాటు వచ్చే గారెలు ఆగిపోతాయని భయం).

బావ దుబాయిలో పనిచేసేవాడు. సెలవు దొరక్క సొంత చెల్లెలి పెళ్లికి రాలేకపోయాడు. ఆ రోజు డ్యూటీలోంచి ఫోను కూడా కలవలేదట. ఆ వెలితి తీర్చుకోవడానికి, ఈసారి వస్తూ టీవీకి తగిలించే ఒక నల్ల డబ్బా తెచ్చాడు. పెన్‌డ్రైవు పెడితే చాలు, అందులోని వీడియో టీవీలో వస్తుంది. పెళ్లి వీడియో ఇంటిల్లిపాదితో కూర్చుని చూడాలని ఆయన ఆశ. తీరా పెడితే, ఈ రకం ఫైలు నడవదని తెర మీద చూపించి డబ్బా మొరాయించింది. వెంటనే నాకు ఫోను. "బామ్మర్దీ, రేపు పొద్దుమీకి పోతున్న. చెల్లె పెండ్లి చూడకుంటనే పొమ్మంటవా?"

నెట్‌లో వెతికి, అన్ని రకాల వీడియోలూ నడిపిస్తుందనే ప్లేయర్ ఒకటి దించుకుని బస్సెక్కాను. (ఫైలునే డబ్బాకు నచ్చేట్టు మార్చి ఇస్తే సరిపోయేదని తర్వాత తెలిసింది.) దాన్ని డబ్బాలోకి ఎక్కించేటప్పుడు కరెంటు పోతే డబ్బా ఇక లేవదని దాంతోపాటే హెచ్చరిక కూడా ఉంది. అవి కరెంటు కోతల రోజులు. నేను వెళ్లి డబ్బా ముందు కూర్చునేసరికి, చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. బావ వాళ్లమ్మ, మా అత్తమ్మ, డబ్బాకు పసుపు కుంకుమ పెట్టింది.

"దీని పాణం పోతదా కొడుకా?"

"పోదత్తమ్మా" అన్నాను, నా ప్రాణాలు పోతుండగా.

బొమ్మ వచ్చింది! నేను ఛాతీ విరుచుకునేలోపే బావ అడిగాడు, "సప్పుడేది?" బొమ్మ ఒక రకమైతే అందులోని శబ్దం ఇంకో రకమట. నేను తెచ్చింది బొమ్మకే పనికొచ్చింది.

"సప్పుడెందుకురా? మేమంత ఆడనే ఉంటిమి గద!" అంది పక్కింటి పెద్దవ్వ, చేతిలోని తునికాకు కత్తిరిస్తూనే. తెర మీద పెళ్లికొడుకు మేనమామ వేలు ఆడిస్తుంటే, "పప్పుల ఉప్పు లేదంటున్నడు" అని చెప్పింది. "లేకనే మల్ల మల్ల ఏయించుకున్నడు!" అని అందుకుంది అత్తమ్మ. ఇక తలో మాట, తలో గొంతు. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

అప్పగింతలు వచ్చాయి. చెల్లెలు ఏడుస్తూ తల్లి వైపు తిరిగి ఏదో అంది. చేతులన్నీ ఆగాయి. అత్తమ్మ మెల్లగా చెప్పింది, "అన్న ఫోను చేసిండా అని అడిగింది బిడ్డా." బావ తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున పౌరుషంకొద్దీ శబ్దానికి కావలసిన ముక్క కూడా వెతికి ఎక్కించాను. శబ్దం వచ్చింది. కానీ వీడియో తీసినవాడు మనుషుల మాటలన్నీ తీసేసి, మొదటి నుంచి చివరిదాకా సన్నాయి కలిపాడు! "సాలు తియ్, నిన్నటిదే మంచిగుండె" అంది పెద్దవ్వ. బావ శబ్దం తీసేసి, తల్లి వైపు తిరిగి, "అవ్వా, నువ్వే చెప్పు" అన్నాడు. సాయంత్రం బావ బస్సు వేళ దాకా అత్తమ్మ చెబుతూనే ఉంది.

ఇప్పుడు ఫోన్లే అన్నీ నడిపిస్తాయి, నన్నెవరూ పిలవరు. ఆ మధ్య ఎల్లారెడ్డి వెళితే బావ చెల్లెలు కూడా వచ్చి ఉంది. అప్పగింతలప్పుడు తల్లితో ఏమన్నదో ఊరుకోలేక అడిగాను.

"గప్పుడా? నా కొత్త చెప్పులు ఎవలో ఎత్కపోయిన్రు. యాడున్నయో చూడమన్న" అని పడీపడీ నవ్వింది.

బావకు ఈ మాట నేను చెప్పలేదు, చెప్పను కూడా. ఆ డబ్బాలో పెళ్లిని నడిపించింది నేనేనని చాలా ఏళ్లు గొప్పలు పోయాను. నడిపించింది అత్తమ్మ. నేను పక్కన కూర్చుని గారెలు తిన్న ఇంజనీరును.