సిపాయిల కాళ్ల కింద బిళ్లలు

మా బావ చెయ్యి వణకడం నేను మొదటిసారి గమనించింది ఆట మధ్యలో. గుర్రం మీదున్న బొమ్మ సిపాయిని పట్టుకుని ముందుకు జరపబోయాడు. చెయ్యి గాలిలోనే సన్నగా ఊగింది. గుర్రం వెళ్లి పక్క వరుసకు తగిలింది, వరుసంతా పడిపోయింది.

"ఏటి బావా, తుపాకీ పేలకుండానే మనోళ్లని సంపేత్తన్నావ్?" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. పడిపోయినవాటిని నిలబెట్టడానికి ఆయన వంగాడు. ఒకదాన్ని నిలబెడుతుంటే పక్కది పడింది. దాన్ని లేపబోతే ఇంకోటి పడింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

ఆయన మా అక్క భర్త. మా వైపు మగవాళ్లు ఒకరినొకరు బావా అనుకోవడం అలవాటు కాబట్టి నన్నూ ఆయన అలాగే పిలుస్తాడు. పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఎక్కడో పైన అద్దాల గదిలో కూర్చుని, కింద ఓడ కడుపులో ఉన్న సరుకును కుదుపు లేకుండా లేపి లారీ మీద దించేవాడు. ఇంటికొచ్చాక ఆ చేత్తోనే బొటనవేలి గణుపంత సిపాయికి కనుబొమ్మలు దిద్దేవాడు.

ఈ సిపాయిల పిచ్చి ఆయనకు ఓడల వల్లే పట్టింది. చెడిపోయిన ఓడ బాగయ్యేదాకా రేవులో ఉండిపోయిన ఒక విదేశీ ఇంజినీరు, వెళ్లిపోతూ ఒక పెట్టె ఇచ్చాడట. అందులో పాతకాలం యూరప్ సైనికుల బొమ్మలు, ఎర్రకోట్లు, పొడుగు తుపాకులు, వాటితో యుద్ధం ఆడే పద్ధతి రాసిన పుస్తకం. బావ ఆ పుస్తకం అర్థం చేసుకుని నాకు నేర్పాడు. తర్వాత ఆన్‌లైన్‌లో తగరపువీ, ప్లాస్టిక్‌వీ తెప్పించి తెప్పించి రెండు సైన్యాలు తయారుచేశాడు. ఒకటి ఆయనది, ఒకటి నాది. రంగులు మాత్రం రెండింటికీ ఆయనే వేశాడు. నేను దువ్వాడలో ఉంటాను, స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. సెలవు దొరికిన ఆదివారమల్లా బండి వేసుకుని మల్కాపురం పోయేవాణ్ణి. మేడ మీద గదిలో మంచం మీద ప్లైవుడ్ పలక పరిచి, దాని మీద పచ్చ గుడ్డ, గుడ్డ మీద థర్మోకోల్ కొండలు. పాచికలు వేసి, టేపుతో కొలిచి, సాయంత్రం దాకా యుద్ధం. ముందుగా సిపాయిల మీద పడిన నల్లటి దుమ్మును చిన్న కుంచెతో దులపాలి. రేవులో బొగ్గు పొడి అది, కిటికీలు మూసినా వస్తుంది.

చెయ్యి వణుకు తగ్గలేదు. డాక్టరు చూసి, ఇది పార్కిన్సన్స్ అన్నాడు. మాత్రలతో అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు అన్నాడు. పోర్టులో ఆయన్ని క్రేన్ మీద నుంచి దించేసి, యార్డులో కూర్చునే పని ఇచ్చారు. మంచి పనే. నీడపట్టునే. కానీ గేటు దాటి వచ్చేటప్పుడు ఆయన క్రేన్ల వైపు చూసేవాడు కాదని అక్క చెప్పింది.

ఆట మాత్రం మానలేదు. సిపాయిని పట్టుకోవడం కష్టమైపోయింది. ఒక్కో సిపాయి ఒక్కో గుండ్రటి బిళ్ల మీద నిలబడి ఉంటాడు. మేం దాన్ని బేసు అంటాం. రూపాయి బిళ్లంత ఉంటుంది. పక్కపక్కనే ఇరుగ్గా నిలబెట్టిన వరుసలోంచి ఒకణ్ణి తియ్యాలంటే రెండు వేళ్లే దూరతాయి. ఆ రెండు వేళ్లే ఆయన మాట వినడం లేదు. ఒక ఆదివారం ఆయనే అన్నాడు.

"బావా, నానొకటి అనుకున్నాను. ఒక్కొక్కడినీ నాను పట్టుకోలేకపోతన్నాను. నలుగురైదుగుర్ని కలిపి ఒక పెద్ద పలక మీద అతికించేద్దాం. పలకనయితే రెండు సేతుల్తో పట్టుకుని జరపగలను."

"మంచి ఆలోచనే. అతికించేద్దాం."

"అతికించడం కాదెహే, ఊడదియ్యడం. అదీ కట్టం. ఊడకూడదనే గదా అంత గట్టిగా అతికించేను."

ఊడదీసే పని నాది. ఆయన చేతులు ఆయనవి కావు, అక్కకు ఆ బొమ్మల మీద చిరాకు. ఇంకెవరున్నారు?

నా చేతులు ఇలాంటి పనికి పుట్టినవి కావు. మొదటి సిపాయిని ఎడమ చేత్తో తల దగ్గర పట్టుకుని, చెప్పుకీ బిళ్లకీ మధ్య బ్లేడు పెట్టి నొక్కాను. టిక్కుమంది. ఊడిందనుకున్నాను. సిపాయి నా చేతిలో ఉన్నాడు, వాడి పాదాలు మాత్రం బిళ్ల మీదే ఉన్నాయి.

బావ మంచం అంచున కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒడిలో అదిమి పట్టుకుని, ఆ పాదాల వంక చూశాడు.

"తల కాడ పట్టుకోకు, తుపాకీ కాడ పట్టుకోకు. నడుం కాడ పట్టుకో. బలమంతా సీలమండ మీద పడతాది, అదే గదా సన్నగుంటాది" అన్నాడు.

నడుం దగ్గర పట్టుకుని చూశాను. బ్లేడు జారి నా వేలు తెగింది. అక్క పసుపు అద్ది గుడ్డ కట్టి, "పిల్లల్లేని ఇంట్లో బొమ్మలేటి, ఈ నెత్తురేటి" అని గొణుక్కుంటూ వెళ్లింది. అక్క నెయిల్ పాలిష్ తుడిచే మందు గుర్తొచ్చి, అందులో నానబెడదామన్నాను.

"ఒద్దొద్దు. రంగంతా పోద్ది. ప్లాస్టిక్‌వి కరిగిపోతాయి కూడా" అన్నాడు బావ.

ఆ వారమంతా ఆయన ఫోన్లో వీడియోలు చూశాడట. మళ్లీ ఆదివారానికి ఒక ఉపాయంతో సిద్ధంగా ఉన్నాడు. ఇన్‌స్టంట్ గమ్ చలికి పెళుసెక్కుతుందట; తగరపువాటిని ఆయన అతికించింది దాంతోనే. ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే, బ్లేడుతో చిన్నగా తిప్పినా చాలు, వదిలేస్తుందట. తగరపు సిపాయిల్ని ఒక స్టీలు డబ్బాలో పేర్చి, ఫ్రీజర్‌లో అక్క దాచుకున్న చేపల పక్కన సర్దాం. మధ్యాహ్నం వంట కోసం అక్క ఫ్రీజర్ తెరిచింది.

"ఓలమ్మో! ఏటిరా ఇది? వంజరం పక్కన సిపాయిలేట్రా?"

"ఆళ్లకి ఎండ దెబ్బ తగిలిందక్కా" అన్నాను.

అక్క నవ్వింది. ఆ జబ్బు పేరు విన్నాక ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. బావ కూడా నవ్వాడు. డబ్బా తీసుకొచ్చి, మంచు పట్టిన ఒక సిపాయిని నడుం దగ్గర పట్టుకుని, బ్లేడు మొన చెప్పు కింద దూర్చి, అలా కొంచెం తిప్పాను. చిటుక్కుమని బిళ్ల ఊడొచ్చింది. పాదాలు కాళ్లకే ఉన్నాయి. బావ గట్టిగా ఊపిరి వదిలాడు.

"బేగి, బేగి! సల్లదనం పోకముందే ఇంకోటి తియ్యి!"

ఆ మధ్యాహ్నం తగరపు సిపాయిలంతా దాదాపుగా ఊడొచ్చారు. బిళ్లల మీదున్న ఇసుక పెచ్చులుగా రాలి దుప్పటి మీద పడింది. బావ భీమిలి బీచ్ నుంచి తెచ్చి, అక్క టీ వడకట్టే జల్లెడలో జల్లించి, జిగురుతో అద్ది రంగేసిన ఇసుక అది. ఆ జల్లెడ కోసం అప్పట్లో అక్కకీ బావకీ పెద్ద గొడవ. ఆ రోజు సాయంత్రం బండి మీద ఇంటికి వస్తూ, పర్లేదు, ఇది అయ్యే పనే అనుకున్నాను.

ప్లాస్టిక్ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి ఆ ధైర్యం పోయింది. వాటికి బావ వాడింది వేరే జిగురు. అది అతికించదు, రెండు ప్లాస్టిక్కుల్నీ కాస్త కరిగించి ఒకటి చేసేస్తుంది. ఫ్రీజర్‌కి లొంగదు. చెప్పెక్కడ ఆగిందో బిళ్లెక్కడ మొదలైందో తెలియదు. బిళ్లనే చిన్న కట్టర్‌తో అంచుల నుంచి ముక్కలు ముక్కలుగా కొరుక్కుంటూ పోవాలి. పాదాల దగ్గరికి వచ్చాక ఆపి, మిగిలిన ముక్కను ఆకురాయితో అరగదియ్యాలి. ఒక్క సిపాయికే నా మెడ పట్టేసేది.

బావ పక్కనే కూర్చుని చెప్పేవాడు. "ఇంకాస్త బయటికి... అక్కడ కాదు... అలగ కాదు బావా, కట్టర్ సదరంగా పట్టు." ఆయన చెప్పేది నాకు అర్థమయ్యేది. చెయ్యి మాత్రం అలా చేసేది కాదు. నేను తప్పు చోట కొరకబోయినప్పుడల్లా ఆయన చెయ్యి ఒడిలోంచి లేచేది. లేచి, ఊగి, మళ్లీ ఒడిలోకి వెళ్లిపోయేది.

ఒకసారి ఉండబట్టలేక, "ఇటియ్యి" అని కట్టర్ తీసుకున్నాడు.

నేను ఇచ్చేశాను. సిపాయిని బల్లకు ఆనించి పట్టుకున్నాడు. కట్టర్ మొన బిళ్ల అంచును వెతుక్కుంటూ అటూ ఇటూ కొట్టుకుంది. టకటకమని చప్పుడు. మోచేతిని బల్లకు అదిమాడు. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. అంత చేస్తే రెండు చేతులూ కలిసి వణికాయి. సిపాయిని నేను పట్టుకుంటానని అందామనుకున్నాను. ఏమనుకుంటాడో అని అనలేదు. గది గుమ్మంలో అక్క టీ గ్లాసులతో వచ్చి నిలబడింది, చూసింది, గ్లాసులతోనే వెనక్కి వెళ్లిపోయింది.

బావ కట్టర్ కింద పెట్టాడు.

"నువ్వే సెయ్యి" అన్నాడు. "నాను సెప్పను ఇంక. నువ్వు సేసిందే సేత."

నిజంగానే చెప్పలేదు. చెప్పకుండా కూర్చోవడమే ఎక్కువ కష్టంగా ఉంది, ఇద్దరికీ.

చివరకు మిగిలింది జెండా పట్టుకున్నవాడు. ఆ విదేశీ ఇంజినీరు ఇచ్చిన పెట్టెలోవాడు. బావ జీవితంలో మొట్టమొదట రంగేసిన సిపాయి. తీరా చూస్తే వాడికి అతుకే లేదు. బిళ్లా మనిషీ కలిపి ఒకే పోతలో పోసిన తగరం. సన్నటి రంపంతో పాదాల కింద కోసుకురావాలి.

"ఒగ్గెయ్ బావా, ఈడినిలగే ఉంచేద్దాం" అన్నాను.

"జెండా లేపోతే ఆళ్లు దేనెనకాల ఎల్తారు? కొయ్యి. పరవాలేదు."

గుడ్డ చుట్టి నడుం దగ్గర పట్టుకుని కోశాను. తొందరపడలేదు. పాదం కింద కోత సగానికి పైగా సక్రమంగానే వచ్చింది. ఇక అయిపోయిందనుకునేటప్పటికి రంపం తగరంలో ఇరుక్కుంది. వెనక్కి లాగాను. మెత్తటి తగరం కదా, చీలమండ దగ్గర కాలు వంగింది. నిలబెట్టబోతే విరిగిపోయింది. రెండో కాలు కూడా దాంతో పాటే. సన్నటి తీగ గుచ్చి అతికిద్దామని చూస్తే, రంధ్రం చెయ్యడానికి ఆ కాలిలో చోటే లేదు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. తగరపు బొమ్మ కోసం ఏడుస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

బావ అరచెయ్యి చాపాడు. అందులో పెట్టాను. ఆ చేతిలో వాడు అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు.

"పోనీలే. పడుకోబెట్టి అతికించు. దెబ్బ తిన్నోడనుకుందాం. యుద్ధంలో పడిపోనోడు ఉంటాడేటి" అన్నాడు. జెండాను మాత్రం విడదీసి వేరే సిపాయి చేతికి అతికించమన్నాడు. అతికించాను. వంకరగా వచ్చింది.

వానలు తగ్గేసరికి పలకలు తయారయ్యాయి. ఒక్కో పలక అగ్గిపెట్టె కంటే పెద్దది, అంచులు పట్టుకోవడానికి వీలుగా మందంగా చేయించాం. మాత్ర వేసుకున్నాక కాసేపటికి చెయ్యి కుదుటపడుతుంది. ఆ సమయం చూసి ఆట మొదలుపెట్టేవాళ్లం. రెండు చేతుల్తో పలకను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గుడ్డ మీద జరిపేవాడు. కదిలేది, కానీ పడేది కాదు. మొదటి ఆటలోనే నన్ను కొండ వెనక నుంచి చుట్టుముట్టి ఓడించాడు. అక్కను పిలిచి చూపించాడు. అక్క ఎవరిది ఏ సైన్యమో తెలియకపోయినా "బాగుంది" అంది. ఇంత అవస్థా పడ్డందుకు ఫలితం దక్కిందనే అనుకున్నాం.

ఎండాకాలం వచ్చేసరికి మాత్ర పనిచేసే సమయం తగ్గిపోయింది. డాక్టరు మోతాదు మార్చాడు. కొత్త మోతాదుకు చెయ్యి కుదుటపడితే మనిషి మగతగా ఉండేవాడు, మగత లేకపోతే చెయ్యి ఊగేది. ఒక ఆదివారం పలక మొత్తం ఆయన చేతుల్లోంచి జారి నేల మీద పడింది. నేను వంగి ఏరుతుంటే, పై నుంచి ఆయన గొంతు వినబడింది.

"ఇంక నువ్వే జరుపు బావా. నాను సెప్తాను."

ఇప్పుడు అలాగే ఆడుతున్నాం. ఆయన చెబుతాడు, నేను రెండు సైన్యాల్నీ జరుపుతాను. ఈ ఆటలో ఉన్న మజా అంతా ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో తెలియకపోవడంలో ఉంది. ఆయన చెయ్యి కదిలేదాకా ఆయన మనసులో ఉన్నది నాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆయన ప్రతి ఎత్తునూ నాకు పైకి చెప్పాలి, అదీ జబ్బుకు మెత్తబడిపోయిన గొంతుతో. "ఎడం పక్క పలక కొండెనక్కి" అంటాడు. ఎందుకో నాకు తెలిసిపోతుంది. తెలియనట్టు ఆడదామని చూస్తాను. ఆయన గ్రహిస్తాడు.

"నువ్వు ఓడిపోడానికి ఆడతన్నావ్" అన్నాడు మొన్న.

"లేదు బావా."

"అబద్దమాడకు. సరిగ్గా ఆడు."

సరిగ్గా ఆడాను. ఆయన ఎత్తు నాకు ముందే తెలుసు కాబట్టి, కొండ వెనక నా గుర్రాలను సిద్ధంగా ఉంచాను. ఆయన చెప్పిన చోటికే ఆయన సైన్యాన్ని నా చేత్తోనే తీసుకెళ్లి పెట్టాను. పాచికలు కూడా నేనే వేశాను, రెండు వైపులా. ఆయన ఓడిపోయాడు. "బాగా ఆడేవ్" అన్నాడు, తల వెనక్కి గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను ఒక్కో పలకా తుడిచి పెట్టెలో సర్దుతూ, ఆయన నిద్రపోయాడో మెలకువగా ఉన్నాడో తెలియక, చప్పుడు కాకుండా చూసుకున్నాను.