కాకి సాక్ష్యం

శ్రావణ్‌కుమార్ పేరు చెబితే మా బాపు ఇప్పటికీ చేతులు జోడిస్తాడు. నాకు మాత్రం ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాతే దణ్ణం పెట్టబుద్ధవుతుంది. రెండింటికీ కారణం ఆయన గొంతే.

ఎయిర్‌పోర్టు తెరిచిన 2008లోనే ఆయన శంషాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. అంతకుముందు ఆటోకు మైకు కట్టుకుని చీరల తగ్గింపులు, తప్పిపోయిన బర్రెల సంగతులు ఊరూరా చాటేవాడు. దుకాణానికి జనం మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించుకోవడానికి వచ్చేవాళ్లు. ఒకసారి పాటల చివర తన గొంతుతో ఒక నేరం కథ ఎక్కించాడు. మహేశ్వరం వైపు ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మినవాడి కథ అది. వారం తిరక్కుండా ఆటోవాళ్లు రెండో కథ ఏదని వెంటపడ్డారు. మూడేళ్లలో కందుకూరు దాకా ఇరవై దుకాణాల్లో ఆయన కథలు దొరికేవి. దాన్ని పాడ్‌కాస్ట్ అంటారని మాకు తెలియదు, కార్డు కథ అనేవాళ్లం.

2011లో ఆ కార్డులోకి మా ఇల్లే ఎక్కింది.

మాది శంషాబాద్ పక్కనున్న సాతంరాయి. మా పెద్దబాపు దశరథం పొద్దున్నే పొలానికి పోతూ రోడ్డు పక్కన తలకు దెబ్బతో చనిపోయి కనిపించాడు. అంతకు వారం ముందే పొలం అమ్ముదామా వద్దా అని ఆయనకూ మా బాపు రామచంద్రయ్యకూ పెద్ద గొడవైంది. మూడో రోజు పొలం గట్టున పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి అందరం దూరంగా నిలబడతాం. కాకి ముట్టేదాకా ఎవరూ ముద్ద నోట పెట్టరు. ఆ రోజు కాకి రాలేదు. బాపు ముందుకు పోయి, "అన్నా, వదినను నేను మంచిగ జూసుకుంట" అని మొక్కాడు. అయినా రాలేదు. చివరికి విస్తరి ఆవుకు పెట్టారు. మా పెద్దమ్మ శివమ్మ అప్పుడే బాపు నుంచి ముఖం తిప్పుకుంది.

శ్రావణ్ అన్న కథ కోసం వచ్చి అక్కడే రికార్డరు పట్టుకుని ఉన్నాడు. వారం తర్వాత కథ వచ్చింది. ఎవరి పేరూ చెప్పలేదు మహానుభావుడు. "తమ్ముడు మొక్కినా కాకి ముట్టలేదు. ఎందుకో మీరే ఆలోచించండి" అని మాత్రం అన్నాడు. ఎంత తీయగా అన్నాడో.

రెండు నెలలకు ఒక టిప్పర్ డ్రైవర్ దొరికాడు, గుద్ది ఆపకుండా పోయానని ఒప్పుకున్నాడు. అప్పటిదాకా అనుమానంతో స్టేషన్‌కు తిప్పిన పోలీసులు బాపును వదిలారు గానీ ఊరు వదల్లేదు. "టిప్పర్ గుద్దింది సరే, మరి కాకి ఎందుకు ముట్టలే?" అనేది పెద్దమ్మ. రెండిళ్లకూ ఒకటే వాకిలి. బాపు ఎదురుపడితే ఆమె తలుపు వేసుకునేది. అన్న సంవత్సరీకానికి తనను పిలవరనే దిగులుతో బాపు చిక్కి సగమయ్యాడు.

నేను ఉండబట్టలేక ఆ దుకాణానికి పోయాను.

"అన్నా, నువ్వు కాకిని అడిగినవా? అది రాకపోతే మా బాపు ఏం జెయ్యాలె?"

కసిరి పంపొచ్చు. ఆయన కుర్చీ వేసి, కథగా కత్తిరించకముందు పట్టిన రికార్డింగు మొత్తం వినిపించాడు. మా బాపు మొక్కు వెనకాల ఠప్, ఠప్ మని చప్పుళ్లు.

"ఏందన్నా గది?"

ఆయన రికార్డింగు ఆపాడు. "మాటకు అడ్డమొస్తున్నయని నేనే తీసేసిన, అనుపమా."

మా పొలం ఎయిర్‌పోర్టు గోడ పక్కనే. విమానాలకు పిట్టలు అడ్డం రాకుండా లోపల పటాకులు కాలుస్తారు. మూడేళ్లుగా వినీ వినీ మా చెవులు ఆ చప్పుడును పట్టించుకోవడమే మానేశాయి. ఆ పనిలో ఉన్న మా ఊరి మహేష్‌ను శ్రావణ్ అన్న అడిగితే, "ఆ పొద్దు గోడ పొంటి కాల్చింది మేమేనన్నా. ఇగ కాకి ఏడికెళ్లొస్తది?" అన్నాడు.

శ్రావణ్ అన్న అటునుంచి అటే పెద్దమ్మ దగ్గరికొచ్చి కింద కూర్చుని రికార్డింగు వినిపించాడు. "తప్పు నాది అమ్మా" అన్నాడు. ఆమె మూడుసార్లు విని లోపలికి పోయింది. ఆయన కథను సరిచేసి దుకాణాలన్నింటికీ పంచాడు. అప్పటికే ఫోన్ నుంచి ఫోన్‌కు పాకిన పాత కథను ఎలా వెనక్కి తెస్తాడు? మళ్లీ ఆటోకు మైకు కట్టాడు. నాలుగు రోజులు ఊరూరా తిరిగి, "నేను చెప్పింది తప్పు, రామచంద్రయ్య ఏ పాపం ఎరుగడు" అని చాటాడు. పక్కన నేనూ కూర్చున్నాను.

ఇప్పుడు, 2014లో, ఆయనకు మూడు గదుల ఆఫీసుంది, ఏడుగురం పనిచేస్తున్నాం. ఎవరింటి కథైనా ముందు ఆ ఇంటికే పోయి వినిపిస్తాం. ఆ పని నాది. వాళ్లు ఏడిస్తే నేనూ ఏడుస్తాను, తిడితే పడతాను. నాకు ఈ బతుకు దొరికింది ఆయన వల్లే.

2012లో, పెద్దబాపు సంవత్సరీకానికి రెండు రోజుల ముందు పెద్దమ్మ తలుపు తీసి, "రామచంద్రయ్యా, విస్తరి నువ్వే పెట్టాలె" అంది. ఆ రోజు బాపే పెట్టాడు. శ్రావణ్ అన్న వెనకెక్కడో ఉత్త చేతులతో నిలబడ్డాడు. గోడ అవతల మళ్లీ ఠప్ మంది. బాపు ఆకాశం వైపు చూస్తూ కొయ్యబారిపోయాడు.

పెద్దమ్మ ఆగలేదు. నేల మీద కూర్చుని, ఇంకో విస్తట్లో అన్నం కలిపి బాపు ముందుకు జరిపింది.

"కాకి ఎప్పుడన్న రానీ. నువ్వు తిను."

బాపు ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. కాకి వచ్చిందో లేదో మేమెవరం చూడలేదు.