జేబులో ఫ్యూజు

బాబాయి పోయిన సంగతి నాకు బాపట్లలో, ఎలక్ట్రానిక్ సామాను అమ్మే ఒక కొట్టు ముందు నిలబడి ఉండగా ఫోనులో తెలిసింది. ఆ కొట్టుకు నన్ను పంపింది ఆయనే. పొద్దున తెనాలిలో షట్టరు తీస్తూ ఒళ్ళు తూలుతోందని మెట్టు మీద కూర్చున్నారట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. చెప్పింది వాళ్ళ అల్లుడు. వస్తున్నానండి అన్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. తెనాలిలో నా మోటార్ల రిపేరు షాపు పక్కనే ఆయన షాపు. మెషీన్లకు కరెంటు ప్యానెళ్ళు కట్టేవారు. నేను ఈ పని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఆయన పక్కన నిలబడి చూసిందే నా చదువు. బాబాయి అని పిలిచేవాణ్ణి. మిల్లుల వాళ్ళు మాత్రం చాటున పిరికి మేస్త్రి అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నిజంగానే ఆయనకు భయం. బిగించిన ప్రతి తీగనూ రెండు వేళ్ళతో పట్టి లాగి చూసేవారు. నిన్న చూసినవే ఇవాళ మళ్ళీ. అదిరే మెషీన్లలో సోల్డరింగ్‌ను అసలు నమ్మేవారు కాదు. టంకం గట్టిగానే ఉంటుంది, దాని అంచు దగ్గర తీగ పోగుపోగుగా విరిగిపోతుంది, పైకి ఏమీ కనపడదు అనేవారు. అందుకని టంకం అక్కర్లేకుండా తీగను స్ప్రింగుతో నొక్కిపట్టే కనెక్టర్ల కోసం ఊళ్ళు తిరిగేవారు. చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి. పిన్నుల ఎడంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా కాస్త నొక్కితే దూరిపోతాయి. కొన్నాళ్ళు అదిరాక జారిపోతాయి. "దూరింది కదా అని నమ్మకు. పట్టిందా లేదా, అది చూడు" అనేవారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. మెషీను భయపెట్టేలా ఉంటే, బాగయ్యేదాకా దాని ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని వచ్చేసేవారు. ఒకసారి రేపల్లెలో ఐస్ ఫ్యాక్టరీ ఓనరు ఆయన్ని గుమ్మంలో చూడగానే లోపలికి కేకేశాడు. "ఫ్యూజుల దొంగ వచ్చాడ్రా, టీ పొయ్యండి. ఖాళీ చేతుల్తో పోడు." బాబాయి నవ్వి, టీ తాగి, పనంతా చూసి, నిజంగానే ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. ఓనరు నవ్వు ఆగిపోయింది. లోపల చేపలకు పోవాల్సిన ఐసు ఉంది. గంటసేపు తిట్టాడు. బస్సులో తిరిగి వస్తుంటే, ఇంత భయం ఎందుకు బాబాయ్ అని అడిగాను. "భయపడితే ఏమవుద్ది? పని ఆలస్యం అవుద్ది. అవ్వనీ" అన్నారు.

నన్ను బాపట్ల పంపింది భట్టిప్రోలులో ఒక ఇంటి మెషీను కోసం. ఆ ఇంటావిడ ముందు గదిలో పేపరు ప్లేట్లు చేసి పెళ్ళిళ్ళకు అమ్ముతుంది. కింద వేడి అచ్చు, పైనుంచి దిగే ఇంకో అచ్చు, మధ్యలో చేత్తో కాగితం పెట్టాలి. చెయ్యి లోపల ఉంటే పై అచ్చు దిగకుండా బాబాయే ఒక సెన్సర్ పెట్టారు, అప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఆ మధ్య ఎవరో దాని తీగల్ని సోల్డరింగ్ చేశారు. అవి అదిరి అదిరి వదులై మెషీను మాటిమాటికీ ఆగడం మొదలెట్టింది.

ఆగితే ప్రమాదమేమీ లేదు. ఆగడం విసుగు పుట్టి ఎవరో ఒకరు సెన్సర్ తీగలు పీకి కలిపేస్తారు. మెషీను హాయిగా నడుస్తుంది, కాపలా మాత్రం ఉండదు. బాబాయి భయమంతా అదే. పాత కనెక్టరు ముక్క నా చేతికిచ్చి, అచ్చం ఇలాంటిదే తెమ్మన్నారు. ఆయన అంతకు ముందే భట్టిప్రోలు వెళ్ళి, రేపొచ్చి బాగుచేస్తానని చెప్పి, ఫ్యూజు తెచ్చేసుకున్నారు.

ఫోను పెట్టేశాక కొట్టతను ఒక కనెక్టరు నా ముందుకు తోశాడు. "ఇది తీసుకో అన్నా, కొంచెం నొక్కితే దూరుద్ది" అన్నాడు. నాకు కళ్ళు మసకగా ఉన్నాయి. వద్దన్నాను. అతను నా మొహం చూసి మరేమీ అడక్కుండా లోపలికి వెళ్ళి, ఒక పాత బోర్డు నుంచి సరైనది ఊడదీసి తెచ్చాడు.

తెనాలిలో దహనం అయ్యాక పిన్ని నన్ను వంటగదిలోకి పిలిచింది. బాబాయి భార్యను నేను పిన్ని అంటాను. ఆయన చొక్కా జేబులో దొరికిందంటూ తెల్లటి పింగాణీ ముక్క ఒకటి చూపించింది. "ఏంట్రా ఇది? అవసరమైందేనా?" అంది. అవసరమైందే పిన్నీ అని తీసుకున్నాను.

అప్పటిదాకా ఉన్నది దుఃఖం. ఆ ముక్క చేతిలోకి వచ్చాక భయం పట్టుకుంది. పెళ్ళిళ్ళ రోజులు. ఆయన వస్తానన్న రోజు దాటిపోయింది. ఎందుకు రాలేదో భట్టిప్రోలు ఆవిడకు తెలియదు. ఆవిడ నంబరు బాబాయి ఫోనులో ఉంది, దాని లాక్ ఎవరికీ తెలియదు. ఏనాడూ మానని నేను ఆ రాత్రి షాపు రోజువారీ లెక్క రాసుకోలేదు.

తెల్లవారగానే రేపల్లె వెళ్ళే రైలెక్కాను. తెనాలి దాటాక కిటికీలోంచి పొలాలు చూద్దామన్నా మనసు నిలవలేదు. భట్టిప్రోలులో దిగి ఆ సందులోకి తిరగ్గానే దబ్, దబ్ అని చప్పుడు వినపడింది. ఫ్యూజు నా జేబులో ఉంది. మెషీను నడుస్తోంది.

తలుపు తీసే ఉంది. ఆవిడ నా వైపు వీపు పెట్టి కూర్చుని కాగితాలు పెడుతోంది. చెయ్యి లోపలికి పోతోంది, వస్తోంది, వెంటనే అచ్చు దిగుతోంది. సెన్సర్ పక్కకు వేలాడుతోంది. అరవబోయి ఆగాను. మెషీను మీదున్న మనిషిని వెనకనుంచి పిలవకూడదని బాబాయి చెప్పేవారు. ఉలిక్కిపడితే చెయ్యి ఎటు పోతుందో తెలియదు. గోడ పట్టుకుని అడుగులో అడుగేస్తూ మెయిన్ దగ్గరికి వెళ్ళాను. స్విచ్చి దించాను. అచ్చు సగంలో ఆగింది.

ఆవిడ కోపంగా తిరిగి, నన్ను గుర్తుపట్టి సర్దుకుంది. "మా మరిది రాగి తీగ కట్టి నడిపిచ్చాడండి. మేస్త్రిగారేమో రేపొస్తానని రాలేదు. ఆర్డరోళ్ళు ఆగరు కదండి."

"ఆయన రారమ్మా. నిన్న పొద్దున పోయారు" అన్నాను.

ఆవిడ ఒళ్ళోని కాగితాలు జారి కింద పడ్డాయి. వాటిని ఏరుతూ అంది. "ఫ్యూజు పట్టుకెళ్తుంటే ఆయన్ని నానా మాటలూ అన్నానండి. నీ చేతులు ఉంటే ఆర్డర్లు ఎప్పుడైనా వస్తాయమ్మా అన్నాడు. అదీ వినలేదు."

రాగి తీగ పీకేసి ఫ్యూజు పెట్టాను. సోల్డరింగ్ ముక్క కత్తిరించి, తీగలు ఒలిచి కొత్త కనెక్టరులోకి తోశాను. స్ప్రింగు టక్కున పట్టింది. సెన్సర్ దాని చోట బిగించి, పేపరు చుట్టి అచ్చుల మధ్య అడ్డం పెట్టాను. పై అచ్చు కదల్లేదు. తీస్తే దిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. ఎన్నిసార్లు చూశానో. చాల్లెండి అని ఆవిడే అనాల్సి వచ్చింది.

పీట మీద కూర్చుని ఆవిడ ఒక కాగితం తీసుకుంది. అచ్చు దిగి పైకి లేవసాగింది. ఆవిడ చెయ్యి అచ్చుదాకా పోయి, దాని ముందు గాలిలో ఆగింది. అచ్చు పూర్తిగా పైకి పోయి నిలబడింది. ఇందాక ఆగకుండా లోపలికి పోయిన చెయ్యి ఇంకా అక్కడే ఆగి ఉంది.