ఊపిరి చాలని వేణువు

బొంగరానికి ఒకచోట కూర్చోవడం చేతకాదు. ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మే. అన్నయ్య కీబోర్డుల దుకాణంలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా ఆమె కుర్చీ కొత్తదిలాగే ఉంది, చెప్పులే అరిగిపోయాయి.

వాయిద్యకారులు తెచ్చిన కీబోర్డుల్లో వాళ్ళడిగిన శబ్దాలు తయారుచేసి పెట్టడం ఆమె పని. నిజానికి ఆ పెట్టెలో వేణువూ లేదు, వయొలినూ లేదు. ఉన్నవి తరంగాలు. వయొలిన్ కావాలంటే గరుకు తరంగాన్ని తీసుకుని కాస్త అరగదీయాలి. వేణువుకైతే నున్నటిది తీసుకుని, దాని మీద గాలి చప్పుడు చల్లాలి. స్వరం ఎలా పుడుతుందో, ఎలా వణుకుతుందో, ఎలా పోతుందో అది కుదిరితే చెవి నమ్మేస్తుంది.

ఆ రోజు ఎదురుగా కూర్చున్న చెవి మాత్రం నమ్మనంటోంది.

అది నాన్న స్నేహితుడు వేణువు బాబాయ్‌ది. ఈ మధ్యే మెట్ల మీద జారి ముందు పళ్ళు పోగొట్టుకున్నాడు. కట్టుడు పళ్ళతో ఊదితే గాలి పక్కలకు పోతోంది. హార్మోనియం కొంత వచ్చు కనుక, కీబోర్డు మీదే వేణువు వాయిస్తానని తన పాటల బృందం నాయకుణ్ణి బతిమాలుకున్నాడు.

"సాయంత్రం రిహార్సల్లో వింటా. వేణువులా ఉంటే సరే, లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటా" అన్నాడు నాయకుడు.

మధ్యాహ్నం దాటింది. బొంగరం గాలి పెంచింది, తగ్గించింది. గుమ్మం దాకా వెళ్ళి అక్కణ్ణించి విని, మళ్ళీ పరుగున వచ్చి వణుకు సరిచేసింది.

"శబ్దం వేణువుదే అమ్మాయ్. వాయించేది మాత్రం మనిషి కాదు."

"ఏం తగ్గిందో చెప్పండి బాబాయ్!"

"తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను?" అంటూ ఆయన లేచాడు. పెట్టెను తిట్టాడు, నాయకుణ్ణి తిట్టాడు, పళ్ళ డాక్టరును తిట్టాడు.

మూల బల్ల మీద కూర్చున్న పిన్ని, ఆయన భార్య, నవ్వింది. "ఉండు, ఇప్పుడాగుతారు."

ఆయన ఆగాడు. రొప్పుతూ గాలి పీల్చుకున్నాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో నాకు మాట్లాడే సందు దొరికేది ఇక్కడే" అంది పిన్ని.

బొంగరం ఉన్నచోటే నిలబడిపోయింది. ఇందాకటి నుంచీ ఆయన పాటంతా ఒక్క బిగిన లాగించేస్తున్నాడు. మీట నొక్కినంతసేపూ పెట్టె మోగుతూనే ఉంటుంది. అంతసేపు ఊదగల మనిషి ఎక్కడా లేడు.

"బాబాయ్, ఇంకోసారి తిట్టండి."

"ఎవర్ని?"

"ఆ మెట్లని."

దానికి ఆయన్ని బతిమాలే పనిలేదు. తిట్టు ఎక్కడ తెగుతోందో చూసుకుంటూ ఆమె పెట్టె మీది నాబులు తిప్పింది. ఇప్పుడు ఆయన తిట్టు సాగినంతసేపు అయ్యాక వేణువు సన్నబడి ఆగిపోతుంది. వేళ్ళన్నీ ఒక్క క్షణం పైకెత్తితే గాని మళ్ళీ పలకదు.

బాబాయ్ వాయించాడు. వరస సగంలో ఉండగా శబ్దం ఆరిపోయింది.

"చంపేశావు కదే!"

"మీకే ఊపిరి అయిపోయింది బాబాయ్. తీసుకోండి."

"నేనైతే ఇక్కడ తీసుకుంటానా? ఇంకా ముందే తీసుకుంటా!" అని కసిరి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆయన చెప్పిన చోటు రాగానే వేళ్ళు వాటంతటవే లేచాయి, ఛాతీ నిండింది. పాట కాగానే పెట్టెను సంచిలో పెట్టుకుని రిహార్సల్‌కి బయలుదేరాడు. బొంగరం కూడా వెంట నడిచింది.

సాయంత్రం రిహార్సల్ గదిలో కుర్చీ వేసినా ఆమె కూర్చోలేదు. గోడకు ఆనుకుంది, కిటికీకి మారింది, తలుపు దగ్గరికెళ్ళింది. నాయకుడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. ముఖంలో ఏమీ తెలియడంలేదు. పాట మధ్యలో బాబాయ్ వేళ్ళెత్తాడు. ఆ సందు చూసి, ఆగిపోయాడనుకుని వయొలిన్ ఆయన తన వరస అందుకున్నాడు.

నాయకుడు చెయ్యెత్తి పాట ఆపేశాడు.

"ఏమిటయ్యా ఆ తొందర? వేణువాయన్ని ఊపిరి తీసుకోనివ్వవా?" అన్నాడు వయొలిన్ వైపు తిరిగి. "మొదట్నించీ పట్టండి."

బాబాయ్ ఆమె వైపు చూడలేదు, మీటల మీదికి వంగాడు. పై స్వరంలో ఇంకా కాస్త గాలి ఎక్కువైందని బొంగరానికి అనిపించింది. ఈ పాట ఎప్పుడు ముగుస్తుందా, పెట్టె ఎప్పుడు చేతికొస్తుందా అని తలుపు బయట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.