తాత ఓటు, మనవరాలి చేయి

1998 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఖాజాగూడ దగ్గర ఒక బడిలో నన్ను ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వేశారు. అంటే ఆ పోలింగ్ కేంద్రానికి పూర్తి బాధ్యత నాదే. లెక్కల టీచర్ని, ఆ పని నాకు అదే మొదటిసారి. అవతల హైటెక్ సిటీ మొదటి భవనం ఇంకా కడుతున్నారు. అటు పోయే లారీల దుమ్ము గదిలోకి వస్తూనే ఉంది.

ఎండ ఎక్కుతుండగా నర్సయ్య అనే ముసలాయన మనవరాలి భుజం పట్టుకుని వచ్చాడు. రెండు కళ్లూ కనిపించవు. అలాంటి ఓటరు తనకు నచ్చిన మనిషిని కంపానియన్‌గా, అంటే తన తరఫున ముద్ర వేసే తోడుగా, తీసుకెళ్లవచ్చు.

"నా మనవరాలు స్వప్న ఏస్తది," అన్నాడు.

వెంటనే ఒక పార్టీ ఏజెంటు లేచాడు. ఆచారాలు, కట్టుబాట్లు నిలబెడతామనే పార్టీ అది. నర్సయ్య వయసులో ఉన్నప్పటి నుంచి దాని జెండా మోసినవాడు.

"మేడమ్, ఈ పిల్ల అవతలోళ్ల కోసం ఇల్లిల్లు తిరిగింది. ముసలాయన ఓటు ఆగం చేస్తది. నేను పోత లోపటికి."

అవతలి పార్టీ ఏజెంటూ లేచాడు. బయట వరసలో గొణుగుడు మొదలైంది. గొడవ ముదిరి పోలింగ్ ఆగిపోతుందేమోనని ఇద్దర్నీ కూర్చోమని, ముసలాయన వైపు తిరిగాను.

"ఆలోచించుకోండి తాతగారూ. ఎవరు రావాలి?"

"ఇంట్ల రోజు కొట్లాడుకుంటం మేడమ్. గని నా పిల్ల నాకు అబద్ధం చెప్పది."

రహస్యం కాపాడతానని స్వప్న డిక్లరేషన్ మీద సంతకం పెట్టింది. ఇద్దరూ ఓటు వేసే అట్ట చాటుకు వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి ఆ అమ్మాయి ముఖమంతా చెమట. మడిచిన కాగితాన్ని తాతే తడుముకుంటూ పెట్టెలో వేశాడు.

"దేనికేసినవ్?" ఏజెంటు అడిగాడు.

"చెప్ప. సంతకం పెట్టిన."

తర్వాత ఆమె తన ఓటు కూడా వేసింది. గుమ్మం దాటుతూ తాత మెల్లగా అడిగాడు. "నేను పోయినంక మా పార్టీకి ఎవరేస్తరే?"

"పద్ధతి, పద్ధతి అంటరు తాతా. నౌకరీకి పోయే ఆడపిల్ల చీకటి పడ్డంక ఇంటికి ఎట్లొస్తదో మీ పార్టోళ్లు ఒక్కరన్న అడిగిన్రా? అడిగితే నేనే ఏస్తనేమో."

నర్సయ్య మళ్లీ ఆమె భుజం పట్టుకుని నడిచాడు. తలుపు పక్కనే కూర్చున్న ఆ పార్టీ ఏజెంటు విన్నాడు. వాళ్లు వెళ్లేదాకా అటే చూశాడు.

పెట్టెకు సీలు వేసేదాకా నాకు నెమ్మది లేదు. ఆ కాగితం మీద ముద్ర ఎక్కడ పడిందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. తర్వాత ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేశాను. ఓటరు ఎవరిని నమ్మాలో చెప్పడం నా పని కాదనీ, ఆయన నమ్మిన మనిషికి దారి వదలడమే నా పని అనీ నేర్చుకున్నది మాత్రం ఆ బడిలోనే.